రెండు రూపాయల వడ్డీ నుంచి ఐసెట్ దాకా: మన కొండల లెక్కల చరిత్ర

పోస్టు పెద్దది. ఫోన్లో చదివేవాళ్ళు పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి, మధ్యలో లెక్కలు వస్తాయి.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్ళు చాలామంది అడుగుతున్నారు: ఐసెట్‌కి, క్యాట్‌కి లెక్కలు, రీజనింగ్ ఎలా చదవాలి అని. షార్ట్‌కట్లు చెప్పే వీడియోలు బోలెడున్నాయి, వాటినే మళ్ళీ ఇక్కడ రాయడం దండగ. మేము వేరే దారిలో చెప్తాం. ఎంబీఏ ప్రవేశ పరీక్షల్లో వచ్చే వడ్డీ, లాభనష్టం, తప్పుడు తూకం, సరిపోయిన సమాచారం, తేదీలు, చుట్టరికాలు అన్నీ మన కొండల్లో నూటయాభై ఏళ్ళుగా నడిచిన లెక్కలే. అప్పుడవి కాగితం మీద కాదు, మన పశువుల మీద, భూమి మీద, ఒంటి మీద నడిచాయి. ఆ చరిత్ర తెలిస్తే ఫార్ములాలు వేరేగా బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

1879తో మొదలెడదాం. ఆ ఏడాది మార్చిలో గోదావరి జిల్లా రంపలో తిరుగుబాటు లేచింది. కొన్ని వారాల్లోనే మన వైపు గొలుగొండ కొండల్లోకి పాకింది. అప్పట్లో గొలుగొండ తాలూకాకి కేంద్రం నర్సీపట్నమే. కారణాలు అనగానే అందరూ చిగురుపన్ను, మన్సబ్‌దారు, పోలీసుల జులుం అని రాస్తారు. అవన్నీ నిజమే. కానీ తర్వాత జరిగిన విచారణలో ఇంకో కారణం కూడా గట్టిగా బయటపడింది, అది మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు రాయించుకున్న అప్పు కాగితాలు. ఒప్పందం రాయించుకోవడం, దూరంగా ఉన్న కోర్టులో దావా వెయ్యడం, కొండ మనిషి హాజరు కాలేదని ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకోవడం, ఆ డిక్రీ పట్టుకొని వచ్చి పశువుల్ని తోలుకుపోవడం. 5 రూపాయల అప్పుకి 100 రూపాయల విలువ చేసే పశువులూ పంటా పట్టుకుపోయారని ఒకాయన చెప్పిన మాట గోదావరి జిల్లా గెజిటీర్‌లోకి కూడా ఎక్కింది.

దాన్ని పరీక్ష ప్రశ్నగా మార్చండి. 5 రూపాయల బాకీకి 100 రూపాయల సొత్తు తీసుకుంటే లాభం ఎంత శాతం? గబగబా చేసేవాళ్ళు 2000 శాతం అంటారు. జవాబు 1900 శాతం. 100 అనేది 5కి ఇరవై రెట్లు, అంటే 2000 శాతం. లాభం మాత్రం అందులోంచి అసలు తీసేశాక మిగిలింది, పంతొమ్మిది రెట్లు. ప్రశ్నలో "ఎన్ని రెట్లు అయింది" అనీ "ఎంత శాతం పెరిగింది" అనీ రెండు రకాల మాటలుంటాయి. ఆప్షన్లలో రెండు జవాబులూ పెడతారు. ఏ మాట అడిగాడో దాని కింద గీత గీశాకే లెక్క మొదలుపెట్టాలి.

ఇక్కడ ఒక మాట. "మనోళ్ళకి లెక్క రాక మోసపోయారు" అని చాలా పుస్తకాలు తేల్చేస్తాయి. మేము దీన్ని సగమే ఒప్పుకుంటాం. ఆ 5 రూపాయల మనిషికి తన ఎద్దుల విలువ బాగానే తెలుసు, కాబట్టే 100 అని చెప్పగలిగాడు. తెలియనిది కాగితంలో ఏం రాశారో, కోర్టు ఎక్కడుందో, ఏ తేదీన పిలిచారో. కాగితం, తూకం, తేదీ మూడూ అవతలివాడి చేతిలో ఉన్నాయి. తెలివితక్కువతనం అని మన మీద రుద్దిన మాటని పరీక్ష హాలులోకి కూడా మోసుకెళ్ళేవాళ్ళు మనలో ఉన్నారు. దాన్ని గేటు బయటే వదిలేసి వెళ్ళండి.

మన వాళ్ళకి కొలత ఎంత బాగా తెలుసో చూడండి. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి పదహారు సోలలు. ఇటు రూపాయికి పదహారు అణాలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, ఎనిమిదణాలు అర్ధ రూపాయి. ఇప్పటికీ "పదహారణాల" అంటే నూటికి నూరు అనే అర్థం. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చి రూపాయికి వంద అయింది గానీ, అంతకుముందు తరాలు సగం, పావు, అరపావు, పదహారో వంతు అనే మెట్ల మీద ఆలోచించేవి.

క్యాట్ కోచింగుల్లో మొదటి వారం నేర్పేది ఇదే. శాతాన్ని భిన్నంగా మార్చడం. అణా అంటే 6.25 శాతం. బేడ 12.5. పావలా 25. ఆరణాలు 37.5. పదణాలు 62.5. పద్నాలుగణాలు 87.5. 640లో 37.5 శాతం ఎంత అని అడిగితే 37.5ని 640తో గుణించి వందతో భాగించే వాడికి అర నిమిషం పడుతుంది. 640లో అణా అంటే 40, ఆరణాలంటే 240 అనేవాడు పెన్ను కూడా ముట్టుకోడు. మూడో వంతు కావాలంటే అయిదణాల నాలుగు దమ్మిడీలు, ఎందుకంటే అణాకి పన్నెండు దమ్మిడీలు. ఇంట్లో డెబ్భై ఎనభై ఏళ్ళ తాతలు, అప్పలు ఉంటే ఒకసారి అణాల లెక్క అడిగి చూడండి. వాళ్ళు చెప్పే వేగానికి మన కాలిక్యులేటర్ సిగ్గుపడుతుంది.

సంత దగ్గరికి వద్దాం. చింతపండు, అడ్డాకులు, తేనె, కరక్కాయ దించుకొని ఉప్పు, బట్ట, కిరసనాయిలు తీసుకెళ్ళే సంతల్లో సావుకారి దగ్గర రెండు కుంచాలుండేవని పెద్దలు చెప్తారు. కొనేటప్పుడు పెద్దది, అమ్మేటప్పుడు చిన్నది. లెక్క కట్టడానికి ఒక ఊహ తీసుకుందాం. కొనే కుంచం 18 సోలలు పడుతుంది, అమ్మే కుంచం 14 సోలలే పడుతుంది. ధర మాత్రం రెండిటికీ ఒకటే, కుంచం ఇంత అని. సావుకారి లాభం ఎంత శాతం?

అటు రెండు, ఇటు రెండు సోలలు కొట్టేశాడు, పదహారుకి నాలుగు, కాబట్టి 25 శాతం అని చాలామంది గీస్తారు. అది తప్పు. ఒక కుంచం డబ్బిచ్చి 18 సోలలు తెచ్చుకున్నాడు. అదే డబ్బు రావడానికి 14 సోలలు ఇస్తే చాలు. 18ని 14తో భాగిస్తే తొమ్మిదికి ఏడు. లాభం ఏడింట రెండు, అంటే 28.57 శాతం. మీ పరీక్షలో ఇదే లెక్క "కొనేటప్పుడు 10 శాతం ఎక్కువ తూస్తాడు, అమ్మేటప్పుడు 10 శాతం తక్కువ తూస్తాడు, ధర కొన్నదే" అని వస్తుంది. 110ని 90తో భాగించండి, పదకొండుకి తొమ్మిది, లాభం తొమ్మిదింట రెండు, 22.22 శాతం. 20 అనే ఆప్షన్ అక్కడ తప్పకుండా ఉంటుంది, అది ఉచ్చు. రెండు మోసాలు కూడవు, గుణించుకుంటాయి. వరసగా ఇచ్చే డిస్కౌంట్లు, జనాభా పెరుగుదల, చక్రవడ్డీ అన్నిటికీ ఈ ఒక్క మాటే మూలం.

ఈ తూకం తగువు తీర్చడానికే 1956 డిసెంబరులో విశాఖపట్నం కేంద్రంగా ఒక సంస్థ పెట్టారు, ఇప్పుడు మనం జీసీసీ అంటున్న గిరిజన సహకార సంస్థ. మన సరుకు ఒక ప్రకటించిన ధరకి కొనడం, మనకి కావలసిన సరుకు న్యాయమైన ధరకి అమ్మడం దాని పని. అది ఎంతవరకు బాగా చేసింది అనే చర్చ వేరే పోస్టుకి సరిపడా ఉంది. ఒక్కటి మాత్రం చెప్తాం, కొనుగోలు, గ్రేడింగు, నిల్వ, మార్కెటింగు అనే నాలుగు ముక్కలు ఎంబీఏ సిలబస్సులో ఉన్న పాఠాలే. ఆ కుర్చీల్లో కూర్చోవడానికి మన పిల్లలకి అడ్డం పడుతున్న మొదటి గేటు ఈ ప్రవేశ పరీక్ష.

ఇక వడ్డీ. ఇది మన చరిత్రలో గుండెకాయ లాంటిది, పరీక్షలో కూడా తప్పకుండా వచ్చేది. అందుకే నిదానంగా చెప్తాం.

విశాఖ, గంజాం, కొరాపుట్ కొండల్లో గొత్తి అనే పద్ధతి ఉండేది. పెళ్ళికో, చావుకో, జరిమానాకో కొంత డబ్బు తీసుకొని, అప్పు తీరేదాకా ఇచ్చినవాడి ఇంట్లో పని చెయ్యాలి. ఆ పని వడ్డీ కిందే జమ. అసలు అలాగే ఉంటుంది. మన భాషలో ఇంత చిన్న సమీకరణం: ఏడాదికి కట్టేది ఏడాది వడ్డీకి సమానమైతే, పదేళ్ళయినా ఇరవై ఏళ్ళయినా అసలు కదలదు. కట్టేది వడ్డీ కంటే తక్కువైతే ఇంకా పెరుగుతుంది, అప్పుడు కొడుకు వచ్చి పనిలో చేరతాడు. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ రుణ బానిసత్వాన్ని రద్దు చేస్తూ ఒక రెగ్యులేషన్ తెచ్చింది. దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది.

అంతకంటే ముందుది, మనం బాగా తెలుసుకోవలసింది, 1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం. భూమి గురించిన భాగం అందరికీ తెలుసు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతి మనిషి భూమి ఇతరులకి బదలాయిస్తే చెల్లదు. అదే తర్వాత 1959 రెగ్యులేషన్ అయింది, 1970లో దాన్ని సవరించి మనం "వన్ ఆఫ్ సెవెంటీ" అనే రూపానికి తెచ్చారు. కానీ చట్టం పేరులో మొదటి మాట వడ్డీ. దాన్ని ఎవరూ చదవరు. కొండజాతి మనిషి మీద ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ కోర్టు ఒప్పుకోదు. చక్రవడ్డీ అసలే ఒప్పుకోదు. మొత్తం వడ్డీ ఎప్పటికీ అసలుని మించకూడదు. మూడు షరతులు, మూడూ లెక్కలే.

24 శాతం అంటే ఏంటో మన ఊళ్ళో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. నూటికి నెలకి రెండు రూపాయలు, పన్నెండు నెలలకి ఇరవై నాలుగు. అదే మన "రెండు రూపాయల వడ్డీ". నూటపది ఏళ్ళ కిందట ఇదే పైకప్పు, ఇంతకు మించితే దోపిడీ అని చట్టం గీసిన గీత. ఇవాళ మన సందుల్లో మూడు రూపాయలకీ అయిదు రూపాయలకీ అప్పులు నడుస్తున్నాయి. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం, అయిదంటే 60. డ్వాక్రా సంఘాలకి ఇచ్చిన "పావలా వడ్డీ" అంటే ఏడాదికి 3 శాతం. నెలకి నూటికి ఎన్ని రూపాయలో దాన్ని పన్నెండుతో గుణిస్తే ఏడాది శాతం. ప్రశ్నలో వడ్డీ రేటు ఇంగ్లీషులో ఎలా ఇచ్చినా, మనసులో ఈ ఊరి భాషలోకి మార్చుకోండి. అంకె మీద పట్టు దొరుకుతుంది.

ఇప్పుడు వంద రూపాయలు తీసుకుందాం, 24 శాతం, పదేళ్ళు. బారువడ్డీ అయితే ఏడాదికి 24 చొప్పున 240, మొత్తం 340 కట్టాలి. చక్రవడ్డీ అయితే మొదటి ఏడాది 124, రెండో ఏడాది 153 రూపాయల 76 పైసలు, మూడో ఏడాది 190 రూపాయల 66 పైసలు, అలా పోయి పదో ఏడాదికి దాదాపు 859 అవుతుంది. చట్టం ప్రకారం అయితే 200 దాటకూడదు. ఒకే అప్పు, ఒకే రేటు, మూడు జవాబులు: 200, 340, 859. ఎవరి కాగితం చెల్లుతుంది అన్నదాని మీద ఒక కుటుంబం భూమి ఉంటుందా పోతుందా తేలేది.

ఈ లెక్కలోంచే పరీక్షకి కావలసిన చిట్కాలు మూడు తీసుకోండి. బారువడ్డీలో అసలు రెట్టింపు కావడానికి వందని రేటుతో భాగిస్తే చాలు: 100ని 24తో భాగిస్తే నాలుగేళ్ళ రెండు నెలలు. అంటే 1917 చట్టం కింద నాలుగేళ్ళ రెండు నెలలకి వడ్డీ గడియారం ఆగిపోవాలి. చక్రవడ్డీలో రెట్టింపుకి సుమారు లెక్క కావాలంటే 72ని రేటుతో భాగించండి: 72ని 24తో భాగిస్తే మూడేళ్ళు. సరిగ్గా చూస్తే మూడేళ్ళకి 190.66 దగ్గరే ఉన్నాం, ఇంకొంచెం పడుతుంది. రేటు పెద్దదైనప్పుడు ఈ 72 సూత్రం కాస్త తొందరపడుతుంది, 8, 9 శాతం దగ్గర చాలా దగ్గరగా వస్తుంది. మూడోది, రెండేళ్ళకి చక్రవడ్డీకీ బారువడ్డీకీ తేడా అడిగితే రెండూ విడివిడిగా కట్టక్కర్లేదు. ఆ తేడా మొదటి ఏడాది వడ్డీ మీద వచ్చిన వడ్డీ అంతే. 24 మీద 24 శాతం, 5 రూపాయల 76 పైసలు. ఇది "వడ్డీ మీద వడ్డీ" అని మన వాళ్ళు తిట్టే ఆ ముక్కే.

ఈ లెక్కలు తెల్లవాళ్ళు తెచ్చినవి కూడా కావు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణిత గ్రంథంలో వడ్డీ లెక్కలు, మిశ్రమం లెక్కలు ఉన్నాయి. దాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. వ్యాపారులకి, కరణాలకి ఈ విద్య ఎప్పట్నుంచో ఉంది. మన కొండల్లోకి బడి రావడమే ఆలస్యమైంది, వచ్చాక కూడా లెక్కల మాస్టారు రావడం ఇంకా ఆలస్యమైంది. మాలో చాలామందికి హైస్కూల్లో ఏడాదిలో సగం రోజులు లెక్కల పిరియడ్ అంటే ఆటల పిరియడే. అందుకే డిగ్రీలో చేరాక కూడా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల పుస్తకాలు తెచ్చి మళ్ళీ మొదట్నుంచి చెయ్యమని చెప్తాం. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఐసెట్‌లో వచ్చే అంకగణితం చాలామటుకు ఆ మూడు పుస్తకాల్లోనే ఉంది. నాలుగు వందల పేజీల గైడు కొనే ముందు అవి పూర్తిచెయ్యండి.

ఇప్పుడు పరీక్షల సంగతి. మేనేజ్‌మెంటు చదువుకి ప్రత్యేక పరీక్ష పెట్టాలన్న ఆలోచన అమెరికాది. అక్కడ 1954లో మొదలైన పరీక్షే ఇప్పటి జీమ్యాట్. మన దేశంలో కలకత్తా, అహ్మదాబాదు ఐఐఎంలు 1961లో వచ్చాయి. విశాఖపట్నానికి ఐఐఎం 2015లో వచ్చింది. మొదట ఆంధ్రా యూనివర్సిటీలో తరగతులు పెట్టి, తర్వాత గంభీరంలో సొంత క్యాంపస్ కట్టారు. రావికమతం నుంచి అది ఒక పూట బస్సు దూరం. ఆ గేటు లోపల మన వాటా 7.5 శాతం సీట్లు, కేంద్ర చట్టం ప్రకారం. రాష్ట్రంలో ఐసెట్ ద్వారా నిండే ఎంబీఏ, ఎంసీఏ సీట్లలో ఎస్టీలకి 6 శాతం.

మన రావికమతం వైపు వాళ్ళకి ఒక సందేహం ఎప్పుడూ వస్తుంది. కళ్యాణపులోవ చుట్టుపక్కల కొండదొరల, కోదుల గూడేలు షెడ్యూల్డు ఏరియాలో లేవు కదా, మనకి రిజర్వేషన్ ఉంటుందా అని. ఉంటుంది. రిజర్వేషన్ తెగని బట్టి వస్తుంది, ఊరిని బట్టి కాదు. 1/70 లాంటి భూమి రక్షణ మాత్రం షెడ్యూల్డు ఏరియా గీత లోపలే. ఒకే కొండకి అటువైపు ఊళ్ళో చెల్లని రిజిస్ట్రేషన్ ఇటువైపు చెల్లిపోతుంది. ఈ గూడేలని అయిదో షెడ్యూల్లో కలపమని రావికమతం, రోలుగుంట, గొలుగొండ మండలాల వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. కుల ధృవీకరణ పత్రం మాత్రం పరీక్ష నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఈ నెలలోనే తీసి పెట్టుకోండి.

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకి 45 సెకన్లు. తప్పుకి మార్కు కొయ్యరు. ఎస్టీ, ఎస్సీ అభ్యర్థులకి కనీస అర్హత మార్కు నిబంధన లేదు, కానీ సీటు ర్యాంకుని బట్టే. కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. మొదటి చుట్టులో చూడగానే తెలిసినవి, రెండో చుట్టులో చేస్తే వచ్చేవి, ఆఖరి మూడు నిమిషాల్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి పెట్టెయ్యడం. క్యాట్‌లో అలా కుదరదు. ఆప్షన్లున్న ప్రశ్నకి ఒప్పయితే 3, తప్పయితే ఒకటి పోతుంది. నాలుగింట్లో గుడ్డిగా ఒకటి పెడితే సగటున లాభమూ లేదు నష్టమూ లేదు: నాలుగుసార్లలో ఒకసారి 3 వస్తుంది, మూడుసార్లు ఒక్కొక్కటి పోతుంది. కానీ ఒక ఆప్షన్ ఖాయంగా తప్పని కొట్టెయ్యగలిగితే, మిగిలిన మూడింట్లో గుడ్డిగా పెట్టినా సగటున మూడో వంతు మార్కు మిగులుతుంది. రెండు కొట్టెయ్యగలిగితే పూర్తిగా ఒక మార్కు. అంటే జవాబు కనుక్కోవడం ఎంత ముఖ్యమో, కానిది గుర్తుపట్టడం అంత ముఖ్యం. 18 సోలలు, 14 సోలల లెక్కలో జవాబు పావలా కంటే ఎక్కువుండాలని తెలిస్తే చాలు, రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి.

ఐసెట్ విశ్లేషణ విభాగంలో ఇరవై ప్రశ్నలు డేటా సఫిషియెన్సీ. అందరూ భయపడేది ఇక్కడే. లెక్క చెయ్యమని అడగరు, ఇచ్చిన రెండు మాటలు జవాబుకి సరిపోతాయా అని మాత్రమే అడుగుతారు. ఇది మాకు సావుకారి కాగితం చదివే విద్యలా కనిపిస్తుంది. ఉదాహరణకి, ఒక మనిషి మూడేళ్ళ తర్వాత ఎంత కట్టాలి? ఒకటి, అసలు 500. రెండు, వడ్డీ ఏడాదికి 24 శాతం. రెండూ కలిపితే సరిపోతుందని పది మందిలో తొమ్మిది మంది పెడతారు. సరిపోదు. బారువడ్డీయో చక్రవడ్డీయో ఎక్కడా చెప్పలేదు. మనం అలవాటు కొద్దీ బారువడ్డీ అనుకున్నాం. కాగితంలో లేనిది మనం చేర్చడమే ఈ ప్రశ్నల్లో మార్కు పోగొట్టేది. మన పెద్దల వేలిముద్రలు పడింది కూడా ఇలా ఖాళీ ఉంచిన కాగితాల మీదే.

తేదీల ప్రశ్నలకి మన చరిత్రే మంచి అభ్యాసం. అల్లూరి సీతారామరాజు దండు, అందులో మన గాం గంటందొర, గాం మల్లుదొర, చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది 1922 ఆగస్టు 22న. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆగస్టు 22 ఏ వారం? 1947 ఆగస్టు 15 శుక్రవారమని గుర్తుంచుకోండి, ఏడు రోజుల తర్వాత ఆగస్టు 22 కూడా శుక్రవారమే. 1922 నుంచి 1947కి 25 ఏళ్ళు, మధ్యలో లీపు ఏళ్ళు 1924, 28, 32, 36, 40, 44, మొత్తం ఆరు. 25కి 6 కలిపితే 31. ఏడుతో భాగిస్తే 3 మిగులుతుంది. శుక్రవారం నుంచి మూడు రోజులు వెనక్కి, మంగళవారం. ఏడాదికి ఒక రోజు, లీపు ఏడాదికి రెండు రోజులు, ఇంతే సూత్రం. సంత వారాలు లెక్కపెట్టుకునే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. (మల్లుదొర తర్వాత 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకి ఒక పేజీ కూడా లేకపోవడం మాకు ఇప్పటికీ మింగుడుపడదు.)

చుట్టరికాల ప్రశ్నలని ఇంగ్లీషులో ఆలోచించకండి. ఇంగ్లీషువాడికి అంకుల్ ఒక్కటే మాట, మనకి పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మేనత్త మొగుడు అన్నీ వేరే. ప్రశ్నని తెలుగులోకో మీ ఇంటి భాషలోకో తిప్పండి. ఒకామె ఒకాయన్ని చూపించి "వీడి అమ్మ, మా అమ్మకి ఒక్కతే కూతురు" అంది అంటే, ఆ ఒక్క కూతురు ఈమే, కాబట్టి వాడు ఈమె కొడుకు. ఇంగ్లీషులో రెండుసార్లు చదవాల్సింది, తెలుగులో వినగానే తెలిసిపోతుంది. ఐసెట్‌లో లెక్కలు, విశ్లేషణ విభాగాలు తెలుగులో కూడా ఇస్తారు. ఇంగ్లీషు వాక్యం అనుమానంగా ఉంటే కింద తెలుగు చూడండి, కొన్నిసార్లు ఆ అనువాదమే ఇంకా అనుమానంగా ఉంటుంది, అప్పుడు రెండూ కలిపి చదవండి.

మన వంశాల కట్టుబాటు కూడా పక్కా రీజనింగే. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము. ఒకే వంశం వాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కుదరదు. కిల్లో, కొర్రా, పాంగి వంశాల నుంచి ఒక్కో అబ్బాయి, ఒక్కో అమ్మాయి ఉన్నారనుకోండి. కట్టుబాటు తప్పకుండా ముగ్గురికీ పెళ్ళిళ్ళు ఎన్ని రకాలుగా కుదర్చొచ్చు? కిల్లో అబ్బాయికి కొర్రా అమ్మాయినిస్తే, కొర్రా అబ్బాయికి పాంగి అమ్మాయినే ఇవ్వాలి, లేకపోతే పాంగి అబ్బాయికి సొంత వంశమే మిగులుతుంది. అలాగే కిల్లో అబ్బాయికి పాంగి అమ్మాయితో ఇంకొకటి. మొత్తం రెండే రకాలు. క్యాట్ పుస్తకాల్లో దీన్ని డిరేంజ్‌మెంట్ అంటారు, "అయిదు ఉత్తరాలు, అయిదు కవర్లు, ఏదీ తన కవర్లో పడకూడదు" అని అడుగుతారు. కవర్ల కంటే పెళ్ళిళ్ళతో గుర్తుపెట్టుకోవడం తేలిక.

వంతల వాళ్ళని కూడా కలిపి నాలుగు వంశాలైతే ఎన్ని రకాలో మీరు కట్టి చూడండి. దానితోపాటు ఇంకొకటి: ఒకాయన 60 రూపాయలకి గొత్తిలో చేరాడు, వడ్డీ నూటికి నెలకి రెండు రూపాయలు, ఆయన పనికి ఏడాదికి 18 రూపాయలు జమ కట్టాలి, 1917 చట్టం మూడు షరతులూ వర్తిస్తాయి. ప్రతి ఏడాది చివర ముందు వడ్డీ, మిగిలింది అసలు తీసేస్తే ఆయన ఎన్నేళ్ళలో బయటపడాలి? కాగితం మీద చేసిన లెక్క ఫోటో తీసి కింద పెట్టండి, జవాబు ఒక్కటే రాస్తే ఒప్పుకోం. తప్పులుంటే ఆదివారం సాయంత్రం కూర్చొని ఒక్కొక్కటి దిద్దుతాం.